కుడి చక్రం వెనకాల

పోయిన వారం చిట్టక్కని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? తన షెడ్డులో, తూకాలాయన కారు కింద వెల్లకిలా పడుకోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిడని లేపుదాం.

మూడేళ్ళ కిందట చిట్టక్క అన్న జీపుతో సహా రిజర్వాయరులోకి జారిపోయాడు. నాలుగో రోజున జీపు దొరికింది, మనిషి దొరకలేదు. ఈతగాళ్ళు చేతులెత్తేశారు. ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు తిప్పించుకుని, చనిపోయినట్టు కాగితం రాసిచ్చారు. అన్నా చెల్లెలూ కలిసి నడిపిన రిపేరు షెడ్డు అప్పట్నుంచి చిట్టక్క ఒంటిచేత్తో నడుస్తోంది. షెడ్డు మీది రెండు గదుల్లో వదిన ఉంటుంది, కింద వెనక గదిలో చిట్టక్క ఉంటుంది. ఆ వదినకి ఇప్పుడు మళ్ళీ పెళ్ళి. ఎల్లుండి శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. పెళ్ళికొడుకు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు, అందుకే వీధివీధంతా ఆయన్ని తూకాలాయన అంటారు. ఈ సంబంధం తెచ్చిందీ, వద్దు మొర్రో అన్న వదినని రెండు నెలలపాటు బతిమాలి ఒప్పించిందీ సాక్షాత్తూ చిట్టక్కే. వాడింక రాడు వదినా అన్న మాట తన నోటితోనే అంది.

తూకాలాయన కారు మలుపు తిరిగినప్పుడల్లా టకటకమంటోందని సోమవారం తెచ్చి వదిలాడు. చూస్తే, ఎడమ ముందు చక్రం వెనక ఉండే రబ్బరు బూటు పగిలిపోయింది. యాక్సిల్ కీలుకి మడతలు మడతలుగా తొడుగుంటుందే, అది. తొడుగు చిరిగితే లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది, బయటి ఇసుక లోపలికి పోతుంది, కీలు అరిగి ఇలాగే గోలపెడుతుంది. ఇంతకుముందు ఎవరైనా చెయ్యి పెట్టారా సార్ అని చిట్టక్క అడిగితే, కొన్న దగ్గర్నుంచి దాని జోలికి ఎవరూ వెళ్ళలేదన్నాడాయన. సరేనని ముందు చక్రాలు రెండూ ఊడదీసి, ఎడమది చూసి, పనిలో పనిగా కుడిది కూడా ఎలా ఉందోనని తల తిప్పింది. అక్కడ ఆగాం.

ఇప్పుడు ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తున్నది కుడి బూటు మీది క్లాంపుని.

బూటు జారిపోకుండా రెండు కొసలా ఇనుప పట్టీ చుట్టి బిగిస్తారు. ఆ పట్టీ కొస చక్రం తిరిగే దిక్కుకి ఎదురు పడకుండా వెనక్కి చూసేట్టు మడవాలి. లోకంలో ఏ మెకానిక్ అయినా అలాగే మడుస్తాడు, ఒక్క చిట్టక్క నాన్న తప్ప. ఆయనది ఎడమచేతి వాటం. ఏ మహానుభావుడి ఎదురుగా నిలబడి నేర్చుకున్నాడో ఏమో, తిరగేసి నేర్చుకున్నాడు. జన్మంతా తిరగేసే బిగించాడు, ఇద్దరు పిల్లలకీ తిరగేసే నేర్పాడు. అలా బిగించిన కొస నాలుగు వారాల్లో లేచి కూర్చునేది, బండి మళ్ళీ షెడ్డుకొచ్చేది, వీధిలో తోటివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నాన్న పోయాక చిట్టక్క లెంపలేసుకుని పద్ధతి మార్చుకుంది. అన్న మాత్రం ససేమిరా అన్నాడు. నాన్న చేసింది తప్పయినా మన ఇంటి తప్పేగా అనేవాడు.

ఆ ఇంటి తప్పు ఇప్పుడు చిట్టక్క ముక్కుకి జానెడు దూరంలో ఉంది. కొస ముందుకి మడిచి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, మూడో దెబ్బ కొంచెం పక్కకి పడి ఉంది. అన్న చేతి మూడో దెబ్బ ఎప్పుడూ పక్కకే పడేది.

మొదట ఆవిడ తనకి తాను సర్దిచెప్పుకుంది. కారు పాతదే కదా, నాలుగేళ్ళ కిందటెప్పుడో అన్న చేతి కిందికి వచ్చి ఉంటుంది, ఆ పెద్దమనిషి మర్చిపోయి ఉంటాడు, అంతే. మనసు కుదుటపడింది. గుడ్డముక్క తీసి బూటు మీది మట్టి తుడిచింది. అలా తుడవకుండా ఉన్నా బాగుండేది.

రబ్బరు సామాన్ల మీద చిన్న గడియారంలాంటి గుండ్రటి అచ్చు ఉంటుంది. మధ్యలో ఏడాది అంకెలు, చుట్టూ పన్నెండు నెలలు, ఏ నెలలో తయారైతే ఆ నెలకి చూపిస్తూ బాణం గుర్తు. మధ్యలో ఉన్నది ఈ ఏడాది. బాణం నాలుగో నెల మీద ఉంది.

అన్న నీళ్ళలో పడి మూడేళ్ళు. ఈ రబ్బరు పుట్టి ఏడు నెలలు.

పట్టపగలు పదకొండు గంటలు. వీధిలో ఎండ ఫెళఫెళలాడుతోంది. ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు, పైన వదిన మిషను మీద శుక్రవారం బట్టలు కుట్టుకుంటోంది. అన్నీ మామూలుగా ఉన్నాయి. చిట్టక్క లేవబోయి ఆసరా కోసం, చక్రం కూర్చునే ఎడమ హబ్బు మీద చెయ్యి వేసింది. అది కాస్త ముందుకి తిరిగింది. అటువైపు కుడి హబ్బు, ఎవరూ ముట్టుకోకుండానే, అంతే మెల్లిగా వెనక్కి తిరిగింది.

ముందు చక్రాలు గాలిలో ఉంటే ఒకటి ఇటు తిప్పితే రెండోది అటు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషికి ఎవరో చెప్పాలా? అయినా చిట్టక్క చెయ్యి తీసేసింది. తీసేశాక కూడా అటుపక్కది ఇంకో రవ్వ తిరిగి ఆగినట్టు ఆవిడకి అనిపించింది. చెల్లెలి చెయ్యి గుర్తుపట్టి అవతల ఎవరో బదులు చెప్పినట్టు ఉంది ఆ తిరగడం. గబగబా పాక్కుంటూ బయటికి వచ్చేసింది.

యాక్సిల్ నట్లు విప్పి రేకు పళ్ళెంలో వేసి, కత్తి తీసుకుని బూట్లు రెండూ కోసేసింది. ఎడమ దాని లోపల గ్రీజు నల్లగా, గరగరలాడుతూ ఉంది. కుడి దాని లోపల గ్రీజు నలకలేకుండా, నిన్ననో మొన్ననో పెట్టినట్టు ఉంది. కుడి బూటుని చేత్తో పట్టుకుని వీధి కాలవ వైపు చూసింది. విసిరేస్తే సరి. కొత్తది వేసేస్తుంది, శుక్రవారం సంతకాలు అవుతాయి, వదిన మూడేళ్ళకి ముఖం కడుక్కున్నట్టు నవ్వుతుంది. చూసినవాళ్ళెవరు, అడిగేవాళ్ళెవరు? కానీ నిజంగా వాడు బతికే ఉంటే? మొగుడుండగా వదిన చేత ఇంకొకరికి సంతకం పెట్టించిన పాపం ఎవరి నెత్తిన పడుతుంది? చిట్టక్క రెండు బూట్లూ కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని స్పేర్ల వీధికి బయల్దేరింది.

స్పేర్ల తాత కొట్టు రెండు చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేంత ఉంటుంది. తాతకి చూపు సగం పోయింది. అయినా ఆ వీధిలో సరైన సామాను కావాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలి, ఎందుకంటే ఆయన పెట్టె మీది రాత నమ్మడు, వేలు పెట్టి చూస్తాడు. చిట్టక్క కారు పేరు, ఏడాది చెప్పి ఎడమ బూటు చేతికిచ్చింది. తాత మూడు పెట్టెలు దింపాడు. ఒకదాని మూతి రెండు మిల్లీమీటర్లు పెద్దదని పక్కన పడేశాడు. ఇంకోదానికి మడత ఒకటి తక్కువట, స్టీరింగు పూర్తిగా తిప్పితే సాగి చిరుగుతుందట. మూడోది మూతికి కొలబద్ద పెట్టి చూసి, మడతలు రెండుసార్లు లెక్కపెట్టి, ఇది నీదమ్మా అన్నాడు. ఈ కారుకి కంపెనీవాళ్ళు మధ్యలో షాఫ్టు మార్చారనీ, పేరు చూసి కొన్నవాళ్ళందరూ వారం తిరక్కుండా తిట్టుకుంటూ వస్తారనీ ఎప్పుడూ చెప్పే కథ ఏకరువు పెట్టాడు. అదే రెండు ఇమ్మంది చిట్టక్క.

రెండోది ఎందుకని అడిగాడు తాత. చిట్టక్క కుడి బూటు కూడా బల్ల మీద పెట్టింది.

తాత దాన్ని వేళ్ళతో తడిమాడు. ఒకసారి చుట్టూ తిప్పి, వెనక్కి తిప్పి, అంచు దగ్గర బొటనవేలు ఆపాడు. ఇది ఈ కారుది కాదన్నాడు. జీపుదట. పొడుగు ఎక్కువైతే ఒక మడత కోసేశారట. మామూలుగా కోస్తే అంచు పీచులు పీచులుగా వస్తుంది. దీన్ని బ్లేడు ఎర్రగా కాల్చి ఏటవాలుగా కోశారు కనక అంచు కరిగి మూసుకుపోయింది.

"ఇట్లా కోసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడేనమ్మా ఉండేవాడు. ఈ బల్ల మీదే కోసేవాడు," అన్నాడు తాత.

పాత సామాన్లలో దొరికిందని చిట్టక్క అబద్ధమాడింది. తాత బూటుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పాతదా? రబ్బరు ఇంకా కొత్త వాసనే పోలేదే."

ఆ తర్వాత తాత కొత్త బూట్లూ, క్లాంపులూ, గ్రీజు పొట్లాలూ సంచిలో వేసిచ్చాడు. చిట్టక్క వెళ్ళేటప్పుడు రోజూ ఒక పరాచికం ఆడే మనిషి, ఆ రోజు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ వీధి చివర వెనక్కి తిరిగి చూసినప్పుడు కూడా ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

షెడ్డుకి వచ్చేసరికి తూకాలాయన ఉన్నాడు. సాయంత్రం రమ్మంటే మధ్యాహ్నమే ఊడిపడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, కుడి చక్రం ఉండాల్సిన చోట స్టూలు వేసుకుని, ఊడిన యాక్సిల్ వైపు చూస్తూ కూర్చున్నాడు. దాహం అడగలేదు, పేపరు అడగలేదు.

చిట్టక్కకి నోరు ఎక్కువని పేరు. దారి పొడుగునా ఈయన్ని ఏయే మాటలతో కడిగెయ్యాలో వరస పెట్టుకుంటూనే వచ్చింది. తీరా మనిషి కనబడేసరికి ఒక్క మాటా గుర్తు రాలేదు. కాగితం విప్పి కుడి బూటు ఆయన కాళ్ళ ముందు పడేసింది.

"ఎవరూ చెయ్యి పెట్టలేదన్నారు."

"అన్నానండి."

"మరి ఇదేమిటి?"

తూకాలాయన వంగి దాన్ని తీసుకోలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. "క్లాంపు తిరగేసి ఉందా?" అన్నాడు.

స్పానరుకీ కటింగ్ ప్లేయరుకీ తేడా తెలియని మనిషి. క్లాంపుకి తిన్నగా వేయడం ఒకటీ తిరగేయడం ఒకటీ ఉంటాయని ఈయనకెలా తెలుసు? చిట్టక్క పక్కనున్న టైరు మీద కూలబడింది. ఎందుకు అబద్ధం చెప్పారని మెల్లిగా అడిగింది.

"మేం కాటా పరీక్ష చేసేటప్పుడు, పెట్టబోయే రాయి ఎంత బరువో కొట్టువాడికి చెప్పమండి. చెబితే వాడి కళ్ళకి ఆ అంకే కనిపిస్తుంది. మీకూ అందుకే చెప్పలేదు. మీ అంతట మీకు కనిపిస్తుందో లేదో చూద్దామనుకున్నాను. ఏమీ లేదని మీరంటే, నాకే మతి చలించిందనుకుని ఎల్లుండి హాయిగా సంతకం పెట్టేవాణ్ణి."

ఆ హాయిగా అన్న మాట దగ్గర ఆయన జేబులోని పెన్నులు అటూ ఇటూ మార్చి సర్దుకున్నాడు. అప్పుడు చిట్టక్కకి ఆ మనిషి మీద కోపం పోయింది. భయం మాత్రం రెట్టింపయింది.

ఆయన చెప్పుకొచ్చాడు. మూడు వారాల కిందట కొండల అవతల కంకర క్వారీకి క్యాంపు వెళ్ళాడు. లారీలు తూచే పెద్ద కాటా తనిఖీ చేశాడు. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, క్వారీవాళ్ళు భోజనాలకి పోయారు. బయల్దేరబోతుంటే కుడి చక్రం దగ్గర రబ్బరు చిరిగి గ్రీజంతా కారుతోంది. కాటా పక్కనే రేకుల పాకలో ఎవరో మెకానిక్ ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్న ఈయనకి అంతవరకూ ఆ పాక కనబడలేదు మరి. ఆ చుట్టుపక్కల సమంగా ఉన్న నేల కాటా పలక ఒక్కటే కాబట్టి, బండిని దాని మీదికే ఎక్కించమన్నాడట ఆ మెకానిక్. జీపు బూటు తెచ్చి, బ్లేడు కాల్చి, ఒక మడత కోసి, అరగంటలో తొడిగేశాడు. క్లాంపు బిగిస్తూ, ఇది తిరగేసి వేస్తాన్లెండి, మా ఇంటి అలవాటు అని నవ్వాడట.

"మీ వదినగారి గదిలో ఫోటో ఉంది కదండీ. నేను వచ్చినప్పుడల్లా దాని ఎదురుగానే కూర్చుంటాను. ఆ నవ్వు చూడగానే నాకు తెలిసింది."

చిట్టక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. బతికే ఉన్నాడు. ఏడుపొచ్చేసింది, ఏడుపులోంచే నవ్వొచ్చేసింది. బతికే ఉన్నాడు కదా సార్, ఎక్కడో దెబ్బ తగిలి ఇల్లు మర్చిపోయి ఉంటాడు, తీసుకొచ్చేద్దాం, మిగతావి తర్వాత చూసుకుందాం అని గడగడా అనేసింది. పాపం తూకాలాయన పెళ్ళి సంగతి కూడా ఆ క్షణాన ఆవిడకి గుర్తు లేదు.

తూకాలాయన తల అడ్డంగా ఊపాడు.

"కాటా అంకెలు ఇంకా వెలుగుతున్నాయండి. కాటా గది కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఖాళీ బండి తొమ్మిది వందల తొంభై కిలోలు. స్టీరింగు తిప్పి చూడ్డానికి ఆయన ఎక్కి కూర్చున్నారు. నేను కింద, పలక అవతల నిలబడి అంకెల వంక చూశాను. తొమ్మిది వందల తొంభై."

చిట్టక్క ముఖం మీది చేతులు తీసింది.

"కాటా చెడిందేమోనని నేను ఎక్కాను. వెయ్యి అరవై చూపించింది. నా బరువు డెబ్బై. దిగాను, మళ్ళీ తొమ్మిది వందల తొంభై అయింది. ఆయన ఇంకా బండిలోనే ఉన్నారండి. హారన్ కూడా కొట్టారు. పాతికేళ్ళ సర్వీసులో నేను నమ్మింది కాటానొక్కదాన్నే. ఆ పూట పొద్దున దాన్ని నేనే మూడుసార్లు సరిచూశాను."

పైన మిషను చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించుకోలేదు. మెట్ల దగ్గర వదిన నిలబడి ఉంది. భుజాన కొలత టేపు, చేతిలో సూది. ఎంతసేపట్నుంచి ఉందో ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది. చిట్టక్క ఏదో సర్దబోయింది. వదిన ఆమెని చూడలేదు, తిన్నగా తూకాలాయన్నే అడిగింది.

"నా గురించి ఏమైనా అడిగారా?"

ఆయన తల దించుకున్నాడు. చెప్పకుండా ఉండగల మనిషి కాదు. "అడిగారండి. ఆవిడ ఇంకా తలుపు గడియ పెట్టకుండానే పడుకుంటోందా అని అడిగారు. నాకేం అర్థం కాలేదు."

వదిన మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. కింద గదిలో పడుకునే చిట్టక్కకి కూడా ఆ సంగతి తెలియదు. మూడేళ్ళుగా ఒంటరి ఆడది రాత్రిళ్ళు తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా పడుకుంటోంది. వాడింక రాడని పగలంతా తను నూరిపోస్తుంటే అవునవునని తలూపిన మనిషి.

ఇంకేమన్నారని అడిగింది వదిన. ఎడమ బూటు కూడా ఎక్కువ రోజులు రాదన్నారట. అది మార్పించాక బండి తిరిగి కాటా దగ్గరికి పంపమన్నారట.

"ఎవరితో?"

"మీ ఒక్కరితోనేనండి. నన్ను రావద్దన్నారు. చెల్లెల్ని కూడా వద్దన్నారు."

వెళ్ళడానికి వీల్లేదంది చిట్టక్క. ఎవడో ఏమిటో తెలియని చోటికి, అంకె కదలని మనిషి దగ్గరికి ఒంటరిగా ఎలా పంపుతాననుకున్నావు వదినా అంది. వాడిని ఒకసారి నీళ్ళకి ఇచ్చాను, నిన్ను ఇవ్వను అంది. ఆ మాటలంటూనే చెయ్యి వెనక్కి చాపి, రేకు పళ్ళెంలోంచి యాక్సిల్ నట్టు తీసి పిడికిట్లో పెట్టుకుంది. అది బిగిస్తే గానీ కారు అంగుళం కదలదు.

వదిన లేచి వచ్చింది. ఏడవడం లేదు. మూడేళ్ళలో ఆ ముఖం అంత తేటగా ఉండటం చిట్టక్క చూడలేదు, అందుకే ఆమెకి ఇంకా భయమేసింది. తూకాలాయన ముందు చెయ్యి చాపింది. ఆయన కాసేపు ఆ అరచేతి వంకే చూసి, జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టి, పక్కకి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

వదిన రెండో చెయ్యి చిట్టక్క ముందు చాపింది.

"ఆ నట్టు కూడా ఇలా ఇవ్వు చిట్టీ. నువ్వు బూట్లు తొడిగి బిగించకపోతే నేనే బిగించుకుంటాను. ఎలా బిగించాలో మీ అన్నయ్య నాకూ నేర్పారు."